మేక తిన్న మందు

“కండ్లు ఏడ వెట్టుకొని నడుస్తున్నవురా? పప్పు గంజుల కాలు వెట్టినవు గదా!”

చంద్రవ్వ కేక క్వార్టర్ల లైను మొత్తం వినబడింది. సారక్క పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చేసరికి పప్పు వాకిట్లో పారుతోంది. ఎల్లేశం ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండో కాలు మసిలే పప్పులో మునిగి ఎర్రగా కమిలింది. ఆ కాలు ఎక్కడ దించాలో తెలియక, చేతులు చాపి గోడ కోసం వెతుకుతున్నాడు. గోడ అతని మోచేతికి జానెడు దూరంలోనే ఉంది.

ఇంకా ఎవరింట్లోనూ దీపం పెట్టలేదు. కార్తీకమాసపు పొద్దు కాస్త తొందరగా వాలింది, అంతే. వీధిలో పిల్లలు గోలీలాట మానలేదు. వాళ్లకు గోలీ కనబడుతోంది. ఈయనకు అంత పెద్ద పప్పు గిన్నె కనబడలేదు.

“తొవ్వల వెడుతరా గంజును?” ఎల్లేశం ఎదురు తిరిగాడు.

“గోడ కింద తొవ్వ ఏడున్నదిరా? ఈ ఇంట్ల దిగిన్నాటి సంది ఆడనే దించుతున్న. ఇన్నొద్దులు నీ కాలు దాంట్ల పడలే. ఇయ్యాల ఎట్ల పడ్డది?”

“పడ్డది. ఏం జేయమంటవు?”

సారక్క భర్త చేయి పట్టి గడప మీద కూర్చోబెట్టింది. బిందెడు నీళ్లు కాలి మీద వంచింది. వంచుతూనే ఓరగా అత్త ముఖం చూసింది. చంద్రవ్వ అరవడం ఆపేసింది. ఆమె అరిస్తే ఆ ఇంట్లో ఎవరికీ భయం లేదు. ఆపితేనే భయం.

ముసలామె మెల్లగా వంగి, కొడుకు ముఖం ముందు అరచెయ్యి ఆడించింది. ఎల్లేశం రెప్ప కొట్టలేదు.

“ఎన్నొద్దుల సంది కొడుకా?”

ఎల్లేశం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“సారక్కా, నిన్నే అడుగుతున్న.”

“ఆషాఢం సంది అత్తా. పొద్దుమూకితే కనవడదు. తెల్లారితే మంచిగనే ఉంటడు.”

“రేచీకటి!” చంద్రవ్వ నెత్తి కొట్టుకుంది. “నాలుగు నెలల సంది నాకు చెప్పలే?”

“ఏడుస్తవని చెప్పలే.”

“ఇప్పుడు నవ్వుతున్ననా?”

దాచింది చంద్రవ్వ ఒక్కతి దగ్గరే కాదు. లోకమంతటి దగ్గరా దాచారు. ఎల్లేశం నాలుగో బాయిలో ఫిల్లరు. భూమి కింద బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. పగలే చీకటిగా ఉండే చోట, చీకట్లో కళ్లు కనబడని మనిషి నాలుగు నెలలుగా పని చేస్తున్నాడు. జతగాడు రాజలింగు ముందు నడుస్తాడు. అతని నడుముకు కట్టిన పటకా పట్టుకొని ఎల్లేశం వెనక నడుస్తాడు. టబ్బు దగ్గరకు చేరాక నెత్తి మీది దీపం బొగ్గు మీద పడితే ఆ నాలుగడుగుల మేర ఎలాగో పని నెట్టుకొస్తాడు. రాజలింగు పుణ్యాన ఇన్నాళ్లూ గడిచింది.

ఇక గడవదు. కండ్ల పరీక్ష పెడుతున్నామని దీపాల గది గోడకు పొద్దున కాయితం అంటించారు. కిటికీలు మూసిన గదిలో ఒక్కొక్కరినీ నిలబెట్టి చూస్తారట. కనబడదన్నవాడు బాయిలో దిగడానికి పనికిరాడు. బాయి పని పోతే కంపెనీ ఇల్లూ పోతుంది. గడువు పదకొండు రోజులు.

“దవాఖానకు పోదాం” అంది సారక్క.

“పోయి? రిజిస్టర్ల రాయించుకోవాల్నా? పదకొండు రోజుల ముందే ఇల్లు ఖాళీ చేయాల్నా?” ఎల్లేశం గడప మీద గుద్దాడు.

“గీ దవాఖానలు, పరీక్షలు కాదురా” అంది చంద్రవ్వ. “నీకు పని దొరికితే వేములవాడ రాజన్నకు కోడెను కడతనని మొక్కిన. ఆరేండ్లాయె, కట్టలే. గందుకే కండ్లు గుంజుకున్నడు. రేపే పోదాం పా.”

“రేపు పోతే మస్టరు పోతది. కూలి కోస్తరు.”

“కండ్లు పోతే మస్టరు ఏం జేసుకుంటవు?”

ఎల్లేశం తల అడ్డంగా ఊపాడు. చాలా రోజులకు వండిన ఆ పప్పును మేక వచ్చి నాకింది. ఆ పూట ముగ్గురూ తెల్లన్నంలో మామిడి తొక్కు కలుపుకొని తిన్నారు. పొద్దున తిన్నదీ అదే. నిన్న తిన్నదీ అదే.

తెల్లవారింది. ఎల్లేశం కమిలిన కాలికి గుడ్డ చుట్టుకొని బాయికి పోయాడు. సారక్క వాకిలి ఊడుస్తుండగా, గోడ అవతలి నుంచి ఒక ఆకుల కట్ట వచ్చి సరిగ్గా ఆమె చీపురు ముందు పడింది.

లేత మునగ రెమ్మలు. నారతో కట్టిన కట్ట. మేక అప్పటికే మెడ చాచింది. దానికి అలవాటే. దసరా మర్నాటి నుంచి రోజూ ఇదే తంతు.

గోడ అవతలి ఇల్లు తారాబాయిది. మహారాష్ట్ర పక్కనున్న భైంసా మనిషి, మాటలో మరాఠీ కలుస్తుంది. ఆమె భర్త లింగమూర్తి టబ్బులు గుంజే ఇంజను నడుపుతాడు. రెండిళ్లకూ మాటల్లేవు. శ్రావణంలో వాళ్ల వాకిట్లోని మునగ చెట్టుకు గొంగళి పురుగు పట్టి, గోడ మీదికి వాలిన కొమ్మ నుంచి సారక్క వాకిట్లో రాలింది. ఆరేసిన చీరలకెక్కింది. చంద్రవ్వకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఎల్లేశం ఒక మాట అడగను కూడా లేదు. గొడ్డలి తీసుకొని ఆ కొమ్మను మొదలంటా నరికాడు. తారాబాయి వీధిలో నిలబడి, రాజన్న సాక్షిగా ఈ ఇంటోళ్లతోని మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది.

ఒట్టు పెట్టుకున్న మనిషి రోజూ ఆకులు విసరడమేమిటి? సారక్కకు ఒకటే అర్థం తోచింది. మీరు పశువులు, గడ్డి మెయ్యండి అని ఎగతాళి చేస్తోంది. ఇన్నాళ్లూ సారక్క పళ్లు బిగబట్టి ఆ కట్టను మేకకు వేసింది. ఇవాళ బిగబట్టలేకపోయింది. కట్ట చేతిలోకి తీసుకొని, లైను చుట్టూ తిరిగి, తారాబాయి గుమ్మంలో నిలబడింది.

“ఏందిది? మా వాకిలి నీకు పెంటకుప్ప లెక్క కనవడ్తుందా? నెల రోజుల సంది చూస్తున్న. మా మీద కోపముంటే నోటితోని తిట్టు. ఆకులెందుకు ఇసురుతున్నవు?”

తారాబాయి గడప దగ్గర బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు. చేతిలోని చాటతో మాట్లాడింది.

“అగ బాయీ! చాటా, ఎవలో వచ్చిండ్లు. నాకు ఒట్టున్నది. నువ్వే మాట్లాడు.”

“చాటతోని నాకేం పని? నిన్నడుగుతున్న!”

“చాటా, జర అడుగు. నెల రోజుల సంది లేతాకు చూసి కట్ట కట్టి పంపుతున్న. పెనిమిటికి వండి పెట్టిందా, లేదా?”

సారక్క చేతిలోని కట్ట వైపు చూసింది.

“పెనిమిటికా?”

“మరి ఎవలికి?”

“మేక... మేక తిన్నది.”

చాట ఆగిపోయింది. తారాబాయి ముక్కు నత్తు వణికింది. అది కోపమో నవ్వో సారక్కకు అంతుబట్టలేదు.

“చాటా, గిది సుత అడుగు. పొద్దుమూకితే మేకకు కనవడ్తలేదా?”

సారక్క అక్కడే గుమ్మంలో కూలబడింది. పోయింది, ఊరంతా తెలిసిపోయింది అనుకుంది. తారాబాయికి తెలిస్తే లింగమూర్తికి తెలుస్తుంది. లింగమూర్తికి తెలిస్తే బాయిలో పని చూసే సర్దారుకు తెలుస్తుంది. పదకొండు రోజులు కూడా ఆగరు.

“నీకెట్ల తెలుసు?” అంది.

“దసరానాడు చూడలేదా? జమ్మి ఆకు పంచుకుంట లైనంతా తిరిగిండు నీ పెనిమిటి. మా ఆయనతోని కొట్లాట ఉన్నా పండుగనాడు ఉండదు గద. ఆకు చేతిల పెడదామని వచ్చి, మా ఇంటి గుంజకు పెట్టిండు. గుంజనే కౌగిలించుకొని అలాయ్‌బలాయ్ తీసుకున్నడు. తాగిండని అందరు నవ్విండ్లు. నేను నవ్వలే.” తారాబాయి చాట పక్కన పెట్టింది. “మా తమ్మునికి గిట్లనే అయింది. నాకు తెల్వదా ఆ నడక?”

“ఎవలికన్న చెప్పినవా?”

“మా ఆయనకు సుత చెప్పలే.”

నెల రోజులు! మాటల్లేని మనిషి, కొమ్మ నరికించుకున్న మనిషి, నెల రోజులు తన మొగుడికి కూడా చెప్పకుండా ఆ మాటను కడుపులో దాచుకుంది. తాను ఆమెను ఎన్ని తిట్లు తిట్టుకుంది! సారక్క ఏడుపు ఆపుకోలేదు. ఆపుకునే ప్రయత్నమూ చేయలేదు. తారాబాయి కాళ్లు పట్టుకుంది.

“లే చెల్లె. కాళ్లు పట్టుకుంటే ఆకు ఎవరు దుయ్యాలె?”

“నువ్వు నాతోని మాట్లాడుతున్నవు అక్కా. ఒట్టు పోయింది.”

“పోనీ. రాజన్నకు నేను చెప్పుకుంట. గా దేవుడు నీ మొగుని కండ్ల కన్న నా ఒట్టును పెద్దగ చూస్తడా?”

చాటలో బియ్యం పక్కకు వంచి తారాబాయి అందులోనే ఆకు దూసింది. రెమ్మను కొస పట్టుకొని మొదలు వైపు లాగితే ఆకంతా ఒక్కసారే చాటలో రాలింది. దూస్తూ చెప్పింది. భైంసాలో వాళ్ల ఆజీ, అంటే అవ్వ, మునగను మరాఠీలో శేవగా అనేదట. తమ్ముడికి పదేళ్లప్పుడు పొద్దుమూకితే చూపు పోయింది. ఆజీ పూటపూటకూ శేవగా ఆకు వండి పెట్టింది. మొదట ఆకాశంలో చుక్క కనబడింది. తర్వాత కొట్టంలో దూడ కనబడింది.

“ఒక్క మాట యాదుంచుకో. కంట్ల పువ్వు పడ్డోళ్లకు, పొర వచ్చినోళ్లకు గీ ఆకు ఏం జేయది. గది డాక్టరు పని. గిది తిండి లేక వచ్చిన చీకటి. తిండితోనే పోవాలె. ఏం తింటరు మీరు?”

“అన్నం. తొక్కు.”

“రోజూ?”

“రోజూ.”

తారాబాయి లేచి ఇంకో కొమ్మ విరిచి తెచ్చింది.

“నూనె పోసి వండు. నూనె లేంది ఆకు ఒంటికి పట్టది. నల్లగయ్యేదాక ఉడకబెట్టకు. నీళ్లు వార్చి పారబొయ్యకు. పప్పుల వెయ్యి, పొడికూర చెయ్యి, జొన్నపిండిల కలిపి రొట్టె చెయ్యి. ఐతారం కార్జం దొరికితే గదీ పెట్టు. ఒక్క పూట తప్పద్దు.”

సారక్క ఒడినిండా ఆకు తీసుకొని ఇంటికి వచ్చింది. అసలు కొట్లాట అక్కడ మొదలైంది.

“నా కొడుకు కంచంల ఆకా?” చంద్రవ్వ పొయ్యికి అడ్డం నిలబడింది. “నేను బతికుండంగ వెయ్యనియ్య.”

“అత్తా, కండ్లకు మందు...”

“మందు గాదు, మన్ను గాదు. ఆకు తిన్న బతుకు నాకు తెలుసే. నీకు తెల్వది.”

ఆమెకు తెలుసు. దొర గడీలో ఎల్లేశం తండ్రి వెట్టి చేసిన కాలంలో ఆ ఇంట్లో గింజ ఉండేది కాదు. చంద్రవ్వ చెలకల్లో తిరిగి దొరికిన ఆకల్లా తెంపుకొచ్చి ఉడకబెట్టేది. పిల్లల నాలుకలు పచ్చగా ఉండేవి. గడీ పోయింది. కొడుకు బొగ్గుబాయిలో చేరాడు. మొదటి నెల తెల్లన్నం వండిననాడు, ఇక ఈ ఇంట్లో ఆకు ఉడకదని ఆమె తనకు తాను చెప్పుకుంది. దానికి తగ్గట్టే ఆరేళ్లుగా ఉడకలేదు. జొన్నగట్క పోయింది, అంబలి పోయింది, కూరాకు పోయింది. తెల్లన్నం మీద తొక్కు. పైకి వచ్చామని చెప్పుకోవడానికి వాళ్లకు అంతకు మించి గుర్తు లేదు. ఆ లైనులో సగం ఇళ్లు ఇంతే. ఆకలి తెచ్చిపెట్టిన దొరను తిట్టడం మానేసి, ఆకలినాడు ఆదుకున్న ఆకును తిట్టుకుంటున్నారు.

సారక్క ఒడిలో ఆకు పట్టుకొని అలాగే నిలబడింది. చంద్రవ్వ కూడా నిలబడింది. పొయ్యి ఆరిపోతోంది.

అప్పుడే తారాబాయి వచ్చింది. మూడు నెలల తర్వాత ఆ గడప తొక్కడం. చేతిలో చిన్న గిన్నె.

“చంద్రవ్వా, గోడ అవతలికి అంతా ఇనవడ్డది. నేను సుత ఆకు తిన్నదాన్నే. గప్పుడు ఏం పోసి వండినవు?”

“ఏమున్నదే పొయ్యడానికి? ఉప్పు సుత లేకుండె.”

“గప్పుడు లేక తిన్నవు. ఇగో, నువ్వుల నూనె.” గిన్నె పొయ్యి పక్కన పెట్టింది. “ఇప్పుడు ఉండి తిను. ఉప్పేసి, ఎల్లిగడ్డ వేసి, నూనె పోసి, నీ కొడుకుకు నీ చేతితోని పెట్టు. గిది గడీ కూర గాదు. నా చెట్టు కూర.”

చంద్రవ్వ ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. తర్వాత కోడలి ఒడిలోంచి ఒక రెమ్మ తీసి వాసన చూసింది.

“ముదురాకు కలిపినవు. లేతది ఏరు” అంది విసుగ్గా. పొయ్యి ముందు నుంచి జరిగింది.

ఎల్లేశం మొదటి పూట కంచం చూసి తల్లిని చూశాడు. తల్లి ముఖం తిప్పుకుంది. తిన్నాడు. రెండో పూట పప్పులో తిన్నాడు. మూడో పూట నువ్వులపొడి చల్లిన పొడికూర. చంద్రవ్వ చేతికి పాత పనితనం తిరిగొచ్చింది. అరచేతిలో రొట్టె కొడుతూ, పిండిలో ఆకు ఎంత పడాలో కోడలికి చెప్పసాగింది. ఒకరోజు మునగపువ్వు అడిగి తెప్పించుకొని ఉల్లిగడ్డతో వేయించింది. తారాబాయి చెప్పిందని ఆకు వెచ్చచేసి ఆముదం రాసి మోకాలికి కట్టుకుంది. నొప్పి తగ్గిందా అని సారక్క అడిగితే, తగ్గలేదు అంది. మర్నాడు మళ్లీ కట్టుకుంది.

మేకకు మాత్రం కోపమొచ్చింది. కట్ట పడే చోటికి పోయి నిలబడి గోడను చూసి అరిచేది.

మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజు ఏమీ లేదు. పొద్దుమూకే వేళ సారక్క వాకిట్లో నిలబడి “కనవడ్తున్ననా?” అంటే, ఎల్లేశం గొంతు వచ్చిన దిక్కుకు తల తిప్పేవాడు. ఐదో రోజు అతనికే విసుగొచ్చింది.

“ఆకు మేసి మేసి కొమ్ములొస్తయి గని కండ్లు రావు. కోడెను కట్టినా బాగుండు.”

“కోడెను కడదాం. ఆకు సుత తిను” అంది చంద్రవ్వ.

ఆ మాట అత్త నోటి నుంచి వచ్చినందుకు సారక్క లోపలికి పోయి, గోడకు ఆనుకొని, నవ్వుకుంటూ కళ్లు తుడుచుకుంది. ఎవరికి చెప్పాలి ఈ సంతోషం? గోడ అవతల అంట్లు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడుకే ఒక దండం పెట్టుకుంది.

ఎనిమిదో రోజు ఎల్లేశం షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, గడప మీద కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. తారాబాయి గోడ మీదుగా కొమ్మ అందిస్తోంది. ఎల్లేశం నరికిన మొదలు నుంచే లేచిన కొత్త చిగురు అది. సారక్క అందుకోబోయేంతలో అతను లేచి వచ్చాడు. గోడను తడమలేదు. సూటిగా వచ్చి నిలబడ్డాడు.

“అక్కా.”

తారాబాయి చేయి ఆగింది. శ్రావణం తర్వాత అతను ఆమెను పిలవడం అదే మొదలు.

“నీ నత్తు కనవడ్తుంది అక్కా.”



“ఏ పక్కకు ఉన్నది?” తారాబాయి గోడ మీదికి వంగింది.

“ఎడమకు. ముత్యాలున్నయి. ఎన్నున్నయో తెలుస్తలే. గని మెరుస్తున్నయి.” అతను గోడ మీద రెండు చేతులూ పెట్టాడు. “నీ కొమ్మ నరికిన. అడగకుంట నరికిన. ఏమనాల్నో నాకు తెలుస్తలేదు.”

“ఏమనకు. నరికితేనే గద గింత చిగురేసింది. గని ఈసారి పురుగు వడితే గొడ్డలి వట్టకు, నన్ను పిలువు. ఇద్దరం కలిసి దులుపుదాం.”

తారాబాయి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. చంద్రవ్వ వాకిట్లో నుంచే రాజన్నకు దండం పెట్టి, అటే తిరిగి మునగ చెట్టుకూ పెట్టింది. ఎవరికి ముందు పెట్టిందని ఎవరూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలో రాజలింగు పిలుపు వినిపించింది.

“ఎల్లేశం! ఉన్నవా?”

రాజలింగు ఇంటిమనిషి కిందే లెక్క. పెళ్లాం చనిపోయి రెండేళ్లు. మూడో లైనులో ఒంటరిగా ఉంటాడు. సారక్క అతన్ని అన్నా అని పిలుస్తుంది. తన మొగుడిని నాలుగు నెలలు భూమి కింద నడిపించి తీసుకొచ్చినవాడు.

“రా అన్నా, రొట్టె తిందువు” అంది ఆమె.

“తినేతందుకు గాదు చెల్లె. పరీక్ష మూడు రోజులకు గాదట. రేపేనట. డాక్టరు ఇంకో బాయికి పోవాలెనని ముందుకు జరిపిండ్లు.”

సారక్క ఎల్లేశం వైపు చూసింది. నత్తు కనబడింది కదా. రేపటికి గట్టెక్కుతాడు. “ఫికర్ లేదన్నా. ఈయనకు నయమైంది” అంది.

“నయమైందా?” రాజలింగు అడుగు ముందుకు వేశాడు. “నిజంగనా?”

అతను వాకిట్లోకి రాలేదు. రావలసిన చోటికి రాలేదు. గేటుకు ఎడమ పక్క మురికి కాలువ ఉంది. రాజలింగు ఆ కాలువ వైపు నడుస్తున్నాడు. తెలిసిన ఇంటికి వచ్చినవాడిలాగా నిబ్బరంగా నడుస్తున్నాడు. సారక్క చూస్తూనే ఉంది గాని ఆమెకు బుర్ర పనిచేయలేదు. ఎల్లేశం ఒక్క గంతులో పోయి అతని రెక్క పట్టుకున్నాడు. అప్పటికే రాజలింగు కాలు గాలిలో ఉంది.

“అన్నా! కాలువ!”

రాజలింగు నిలబడ్డాడు. ఎల్లేశం అతని ముఖం ముందు చెయ్యి ఆడించాడు.

రాజలింగు కూడా రెప్ప కొట్టలేదు.

“ఎప్పటి సంది?” ఎల్లేశమే అడిగాడు.

“నీకన్న ముందటి సంది.”

“మరి నన్ను నడిపించింది ఎవలు?”

“పట్టాలు. కాలితోని పట్టా తడుముకుంట పోయిన. పదేండ్ల తొవ్వ గద.” రాజలింగు తల దించుకున్నాడు. “నువ్వు ఎనుక నడుం పట్టుకుంటే, ఒక్కన్ని గాదనే ధైర్యం. నేను పడితే నువ్వన్న గుంజుతవనుకున్న.”

“నాకు కనవడ్తలేదని నీకు చెప్పిన గద!”

“చెప్పినవు. నేను సుత చెప్తే ఇంకెట్ల నడుస్తుంటిమి?”

సారక్క రాజలింగు ముఖంలోకి చూసింది. నాలుగు నెలలు తాను ఈ మనిషికి దండాలు పెట్టింది. ఇప్పుడు కోపం రావాలి. రాలేదు. చీకట్లో ఇద్దరు గుడ్డి మనుషులు ఒకరి ధైర్యం ఒకరు మోసుకుంటూ పోవడమే ఆమె కళ్ల ముందు కదిలింది.

ఎల్లేశం అతని రెక్క వదలలేదు.

“నడువు.”

“ఏడికి?”

“డాక్టరు ఇంటికి. పరీక్షకు ముందే చెప్పుదాం. నాకు సుత ఉండెనని చెప్త. తిండి లేక వచ్చిందని చెప్త. నెల రోజులు పైన పని ఇయ్యమని అడుగుదాం.”

చంద్రవ్వ గేటుకు అడ్డం వచ్చింది. “నీకు నయమైంది గదరా! నోరు మూసుకొని పాస్ గాక, గీ లొల్లి నెత్తికెందుకు ఎత్తుకుంటవు? ఇల్లు పోతదిరా!”

“ఎనిమిది రోజులు నేను ఆకు తిన్న. అన్న తినలే. గదొక్కటే ఫరక్ అవ్వా. రేపు నేను పాసై, అన్నను ఇంటికి పంపితే, బాయిల నా ముంగట ఎవలు నడుస్తరు?”

ఎల్లేశం పెళ్లాం వైపు చూశాడు. నువ్వేమంటవు అని నోటితో అడగలేదు. ఈ ఇల్లు, ఈ పొయ్యి, ఈ గోడ, గోడ అవతలి చెట్టు — రేపు ఏమవుతాయో సారక్కకు తెలియదు. లోపలికి పోయింది. రెండు రొట్టెల్లో పొడికూర చుట్టి తెచ్చి రాజలింగు చేతిలో పెట్టింది. తర్వాత చీర కొంగు నడుముకు బిగించింది.

“నేను సుత వస్త. తిన్నది నువ్వు. వండింది మేము. డాక్టరు అడిగితే నీకేం తెలుసని చెప్తవు?”

“ఆగుండ్లి!” గోడ అవతల తారాబాయి చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు. “చెట్టు నాది గద!”

నలుగురూ లైను వెంబడి నడిచారు. వెలుతురు బాగా తగ్గింది. సారక్క ఈ వేళప్పుడు ఈ వీధిని ఎన్నిసార్లు చూసిందో గాని, ఏనాడూ గమనించలేదు. గడప గడపకూ ఒక మగమనిషి కదలకుండా కూర్చొని ఉన్నాడు. షిఫ్టు దిగి అలసిపోయారని ఇన్నాళ్లూ అనుకుంది.

నాలుగో ఇంటి గడప మీద రాయమల్లు ఉన్నాడు. టబ్బును ఒంటిచేత్తో పట్టాల మీదికి ఎక్కిస్తాడని పేరున్న మనిషి. అడుగుల చప్పుడుకు తలెత్తాడు.

“ఎవలది? ఏడికి పోతుండ్లు?”

“డాక్టరు కాడికి” అన్నాడు ఎల్లేశం. “రేచీకటి సంగతి చెప్పేతందుకు.”

రాయమల్లు గోడ పట్టుకొని లేచి, వీధిలోకి చెయ్యి చాపాడు.

“ఎల్లేశం, జర నన్ను సుత పట్టుకో.”